రోల్స్ రాయిస్ లాంటి ఇంజిన్ కంపెనీ విమానాలు, రక్షణ, ఓడలు, కరెంటు అంటూ ఇన్ని వ్యాపారాల్లో ఎందుకుంటుంది?

ప్రశ్న: కాకినాడలో మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. సెమినార్‌కి నాకు రోల్స్ రాయిస్ టాపిక్ వచ్చింది. ఒక ఇంజిన్ కంపెనీ ఇన్ని రంగాల్లో ఎందుకుండాలి? విమాన ఇంజిన్లను నష్టానికి అమ్ముతారట, నిజమేనా? అన్ని రంగాల్లో ఉండటం మంచిదే అయితే ఓడల వ్యాపారం, గ్యాస్ టర్బైన్ల వ్యాపారం ఎందుకు అమ్మేశారు?

సమాధానం:

మీ మూడు ప్రశ్నలూ వేర్వేరుగా కనిపిస్తున్నాయి గానీ జవాబు ఒకటే. ఇంజనీరింగ్ పరంగా ఈ నాలుగు రంగాలూ ఒక తల్లి పిల్లలు. డబ్బు పరంగా మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. ఒక రంగంలో ఇవాళ పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి పాతికేళ్లు పడుతుంది. ఇంకో రంగంలో తయారీ మొదలవ్వక ముందే ప్రభుత్వం ఇచ్చేస్తుంది. మరో రంగంలో చమురు ధర పడిపోతే ఆర్డర్లే మాయమవుతాయి. ఈ రాబడులన్నీ ఒకేసారి ఎండిపోకుండా చూసుకోవాలి. అదే అసలు సంగతి.

నేను గ్యాస్ టర్బైన్ల మీద 27 ఏళ్లు పని చేశాను. మొదటి 15 ఏళ్లు నేవీలో, అందులో ఎక్కువ కాలం విశాఖలో. తర్వాత 12 ఏళ్లు విదేశంలో విమాన ఇంజిన్ల ఓవర్‌హాల్ షాపులో. రోల్స్ రాయిస్‌లో ఉద్యోగం చేయలేదు. కాబట్టి కంపెనీ గురించి చెప్పేది అందరికీ తెలిసిన రికార్డుల్లో ఉన్నదే. ఇంజిన్ల గురించి చెప్పేది చేతులతో చేసిన పని.

కార్ల సంగతి ముందే తేల్చేద్దాం, సెమినార్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. చార్లెస్ రోల్స్, హెన్రీ రాయిస్ 1904 లో మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో కలిశారు. మొదలుపెట్టింది కార్లతోనే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈగిల్ అనే విమాన ఇంజిన్ చేశారు, రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకు మెర్లిన్ ఇంజిన్ ఇచ్చారు. కార్ల వ్యాపారం 1973 లోనే విడిపోయింది. ఇప్పుడు ఆ పేరుతో కార్లు చేసేది బీఎండబ్ల్యూ. మనం మాట్లాడుకుంటున్న కంపెనీ ఇంగ్లండ్‌లోని డెర్బీ కేంద్రంగా ఉన్న ఇంజిన్ల కంపెనీ.

అసలు కథ 1971 లో ఉంది. అమెరికా విమాన కంపెనీ లాక్‌హీడ్ వాళ్ల ట్రైస్టార్ విమానానికి ఆర్‌బీ211 అనే కొత్త ఇంజిన్ ఇస్తామని రోల్స్ రాయిస్ ఒప్పుకుంది. ముందు తిరిగే పెద్ద ఫ్యాన్ రెక్కలను బరువు తగ్గించడానికి కార్బన్ ఫైబర్‌తో చేయాలనుకున్నారు. పక్షి తగిలితే తట్టుకుంటుందా లేదా అని చూసే పరీక్షలో ఆ రెక్కలు ముక్కలయ్యాయి. మళ్లీ టైటానియంకి మారాల్సి వచ్చింది. ఖర్చు అదుపు తప్పింది, కానీ అమ్మకం ధర ఒప్పందంలో ముందే రాసేసుకున్నారు. 1971 ఫిబ్రవరి 4 న కంపెనీ దివాలా తీసింది.

అప్పుడు బ్రిటన్‌లో ఉన్నది ఎడ్వర్డ్ హీత్ కన్సర్వేటివ్ ప్రభుత్వం. ప్రైవేటు కంపెనీలను సర్కారు భుజాన వేసుకోకూడదు అనే సిద్ధాంతం వాళ్లది. అయినా దాన్ని జాతీయం చేశారు. ఎందుకంటే బ్రిటిష్ వైమానిక దళం ఎగిరేది ఆ ఇంజిన్ల మీద, నేవీ జలాంతర్గాములు నడిచేది ఆ కంపెనీ రియాక్టర్ల మీద. పౌర విమానాల ఇంజిన్ కంపెనీని ముంచింది, రక్షణ అవసరం దాన్ని ఒడ్డుకు లాగింది. తర్వాత రిటైరైన ఇంజనీరు స్టాన్లీ హూకర్‌ని వెనక్కి పిలిచారు, ఆయన ఆర్‌బీ211 ని గాడిన పెట్టాడు. ముంచిన ఆ ఇంజిన్ వంశంలోనే ఇవాళ్టి ట్రెంట్ ఇంజిన్లన్నీ పుట్టాయి. పైపులైన్లలో గ్యాస్ నెట్టడానికి, కరెంటు ఉత్పత్తికి కూడా నేల మీద నడిచే ఆర్‌బీ211 ఆ దశాబ్దంలోనే వచ్చింది. 1987 లో కంపెనీని మళ్లీ ప్రైవేటుకి ఇచ్చారు. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

విమానం ఇంజిన్ ఓడలోకి ఎలా వెళ్తుందో కొంచెం వివరంగా చెబుతాను, ఇది మెకానికల్ వాళ్లకు అర్థం కావాల్సిన విషయం. జెట్ ఇంజిన్‌కి నడిబొడ్డున ఒక కోర్ ఉంటుంది. కంప్రెసర్ గాలిని నొక్కుతుంది, కంబస్టర్‌లో మంట, వెనక టర్బైన్. విమానానికి కావాల్సింది థ్రస్ట్, అంటే ముందుకు నెట్టే బలం, కాబట్టి ముందు పెద్ద ఫ్యాన్ పెడతారు. ఓడకీ జనరేటర్‌కీ కావాల్సింది తిరిగే షాఫ్ట్. కాబట్టి ఫ్యాన్ తీసేసి, కోర్ వెనక విడిగా తిరిగే పవర్ టర్బైన్ ఒకటి తగిలిస్తారు. అది తిప్పే షాఫ్ట్‌కి ప్రొపెల్లర్ గేర్‌బాక్స్ కలుపుకోండి, జనరేటర్ కలుపుకోండి, పైపులైన్‌లో గ్యాస్ నెట్టే కంప్రెసర్ కలుపుకోండి, మీ ఇష్టం. బోయింగ్ 777 కి వాడే ట్రెంట్ 800 నుంచి పుట్టిన ఓడ ఇంజినే ఎంటీ30. భాగాల్లో నూటికి 80 పాళ్లు రెండింటిలో ఒకటే అంటుంది కంపెనీ. ఒక్కొక్కటి 36 మెగావాట్లు ఇస్తుంది. బ్రిటన్ విమానవాహక నౌక క్వీన్ ఎలిజబెత్‌లో ఇవి రెండున్నాయి. అమెరికా జుమ్‌వాల్ట్ డిస్ట్రాయర్లలో, దక్షిణ కొరియా డేగు తరగతి ఫ్రిగేట్లలో కూడా ఉన్నాయి.

విమానం కోసం పెట్టిన వేల కోట్ల పరిశోధన ఖర్చు ఓడకి దాదాపు ఉచితంగా వచ్చినట్టే. నేవీలు ఎన్ని ఇంజిన్లు కొంటాయి? పదుల్లో. ఆ పదుల కోసం ఎవరూ కొత్త టర్బైన్‌ని మొదటి నుంచి డిజైన్ చేయలేరు. రోల్స్ రాయిస్ ఒక్కటే కాదు, అమెరికా కంపెనీ జీఈ కూడా ఇదే దారి. మన ఐఎన్ఎస్ విక్రాంత్‌ని నడిపే నాలుగు ఎల్ఎం2500 టర్బైన్లూ విమాన ఇంజిన్ సంతానమే.

మీది కాకినాడ కాబట్టి ఇంకొకటి. జీఎంఆర్ వాళ్ల 220 మెగావాట్ల పవర్ ప్లాంటు ఒకటి బార్జి మీద కట్టింది, మొదట మంగళూరు దగ్గర ఉండేది, 2010 ప్రాంతంలో దాన్ని కాకినాడకి తెచ్చారు. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, గుర్తుండే ఉంటుంది. అందులో ఉన్నవి జీఈ ఎల్ఎం6000 టర్బైన్లు. బోయింగ్ 747 లాంటి పెద్ద విమానాల రెక్కల కింద తిరిగే సీఎఫ్6 ఇంజిన్ కోర్ అది. కేజీ బేసిన్ గ్యాస్ పడిపోయాక గోదావరి జిల్లాల్లో గ్యాస్ ప్లాంట్లు ఎలా పడుకున్నాయో మీకు తెలుసు. టర్బైన్‌లో ఏ లోపమూ లేదు. ఇంధనం లేదు, అంతే. కరెంటు రంగంలో ఇంజిన్ కంపెనీ తలరాత దాని చేతుల్లో ఉండదు అనడానికి మీ ఊరే సాక్ష్యం.

నాలుగు రంగాలనూ కలిపే వస్తువు ఒక్కటి చూపించమంటే హై ప్రెషర్ టర్బైన్ బ్లేడు చూపిస్తాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాని మీదుగా వెళ్లే గాలి వేడి, ఆ లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. కరగకుండా ఎలా ఉంటుంది? లోపల సన్నటి దారులుంటాయి, వాటిలోంచి కంప్రెసర్ గాలి వచ్చి చిన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి కారుతూ బ్లేడు ఒంటి మీద చల్లటి పొరలా పరుచుకుంటుంది. పైన సిరామిక్ పూత. లోహం కూడా మామూలుది కాదు. పటిక బెల్లం ముక్క చూశారు కదా, ఎన్నో పలుకులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, కొడితే ఆ అతుకుల దగ్గరే విరుగుతుంది. మామూలు లోహమూ అంతే. ఈ బ్లేడు మొత్తం ఒకే పలుకు, సింగిల్ క్రిస్టల్. అచ్చులో కరిగిన లోహం పోసి, అడుగు నుంచి నెమ్మదిగా చల్లారుస్తూ, పంది తోకలా మెలిక తిరిగిన సన్నటి దారిలోంచి ఒక్క పలుకునే పైకి పెరగనిస్తారు. అలాంటి బ్లేడు ఒక్కొక్కటి సుమారు 800 హార్స్‌పవర్ లాగుతుంది. ఇది చేయగల దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మన హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహాల పరిశోధనశాల డీఎంఆర్ఎల్ 2021 లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లు చేసి హెచ్ఏఎల్‌కి ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది, ఆ పని ఎంత కష్టమో తెలుసు కాబట్టి.

ఒకసారి ఓడలో టర్బైన్ లోపలికి బోర్‌స్కోప్ పెట్టి చూస్తున్నాం. మే నెల. ఇంజిన్ ఆపి గంటలు గడిచినా కేసింగ్ ఇంకా వేడిగానే ఉంది. ఇగ్నైటర్ రంధ్రంలోంచి కెమెరా దూర్చి, ఒకరు చేత్తో రోటార్ తిప్పుతుంటే నేను ఒక్కో బ్లేడు లెక్కపెడుతున్నాను. ఇరవై దాటాక ఒక బ్లేడు మీద పూత ఉబ్బి కనిపించింది. సముద్రం పక్క ఇళ్లలో గోడకి ఉప్పు పట్టి సున్నం పెచ్చు లేస్తుందే, అచ్చం అలా. ఆ పెచ్చు కింద లోహం ఆకుపచ్చ నలుపులో ఉంది. గాలిలో ఉప్పు, ఇంధనంలో గంధకం కలిసి చేసే పని అది, సల్ఫిడేషన్ అంటారు. కంప్రెసర్‌ని మంచినీళ్లతో కడగడం కొన్ని వారాలు వాయిదా పడింది, దాని ఫలితం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చాలా ఏళ్ల తర్వాత విమాన ఇంజిన్ల షాపులో ఇంకో బ్లేడు చేతికొచ్చింది. ఎప్పుడూ భూమికి పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరే ఇంజిన్‌ది. దాని కాడ దగ్గర అదే పెచ్చు. పక్కన కుర్రాళ్లు ఆశ్చర్యపోయారు, నాకు చూడగానే తెలిసిపోయింది. విమానం కూడా సముద్రం పక్క ఊళ్లలో, పొగ కమ్మిన నగరాల్లో దిగి లేస్తుంది కదా. బోయింగ్ 787 కి వాడే ట్రెంట్ 1000 కి 2016 లో బయటపడ్డ సమస్యల్లో ఒకటి ఇదే. జపాన్ ఏఎన్ఏ విమానాల్లో ఇంటర్మీడియట్ టర్బైన్ బ్లేడ్లు ఇలాగే తినేసుకుపోయాయి. ఆ తర్వాత కంప్రెసర్ బ్లేడ్లలో పగుళ్లు కూడా వచ్చాయి, 2018 లో చాలా 787 లు ఇంజిన్లు లేక నేల మీద నిలబడిపోయాయి. హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్ 787 ఎక్కినవాళ్లకు ఆ రెక్క కింద కనిపించేది ఈ ట్రెంట్ 1000 నే. సముద్రం మీద నేర్చుకున్నది ఆకాశంలో పనికొస్తుంది, ఆకాశంలో నేర్చుకున్నది నేల మీద పనికొస్తుంది. ఇన్ని రంగాల్లో ఉండటం వల్ల వచ్చే లాభాల్లో దీన్ని ఎవరూ లెక్కల పుస్తకంలో రాయరు.

ఇక నష్టానికి అమ్మడం. నిజమే. 2018 లో రోల్స్ రాయిస్ అమ్మిన ఒక్కో పెద్ద విమాన ఇంజిన్ మీద సగటున సుమారు 14 లక్షల పౌండ్లు నష్టపోయింది. పిచ్చితనంలా కనిపిస్తుంది గానీ మన వరి కోత మిషన్ లెక్కతో చూడండి. రైతు మిషన్ కొనడు, గంటకింత అని ఇస్తాడు. మిషన్ బురదలో దిగబడినా, బెల్టు తెగినా ఆ గంటలు రైతు లెక్కలోకి రావు, మరమ్మతు మిషన్ వాడి నెత్తిన. విమాన ఇంజిన్ వ్యాపారమూ అంతే. ఎయిర్‌లైన్ ఎగిరిన గంటకింత అని కడుతుంది, ఇంజిన్ పాడైతే బాగుచేసే బాధ్యత తయారీదారుది. ఈ పద్ధతి 1962 లో బ్రిస్టల్ సిడ్లీ అనే కంపెనీ చిన్న బిజినెస్ జెట్ల వైపర్ ఇంజిన్‌తో మొదలుపెట్టింది. 1966 లో రోల్స్ రాయిస్ ఆ కంపెనీని కొనేసింది. ఇప్పుడు దాన్ని టోటల్‌కేర్ అంటారు.

ఇందులో నాకు నచ్చేది ఒకటుంది. పాత పద్ధతిలో ఇంజిన్ ఎంత తరచుగా పాడైతే కంపెనీకి అంత స్పేర్లు అమ్ముడుపోయేవి. గంట లెక్క వచ్చాక ఇంజిన్ రెక్క మీద ఎంతకాలం ఉంటే కంపెనీకి అంత లాభం. ఎయిర్‌లైన్‌కి కావాల్సిందీ అదే. షాపులో పని చేసినవాడిగా చెబుతున్నాను, ఈ ఒక్క మార్పు వల్ల తనిఖీల తీరే మారిపోయింది. ఇంజిన్ ఎగురుతుండగానే సెన్సార్ల డేటా కింద కూర్చున్న ఇంజనీరుకి వస్తుంది, విమానం దిగేలోపు ఏ స్పేరు సిద్ధంగా పెట్టాలో తెలిసిపోతుంది.

మరి కోతలే లేని సీజన్ వస్తే? 2020 లో వచ్చింది. విమానాలు ఎగరలేదు, గంటలు పడలేదు, డబ్బు రాలేదు. పెద్ద ఇంజిన్ల ఎగిరే గంటలు ముందటేడాదితో పోలిస్తే 43 శాతానికి పడిపోయాయి. ఆ ఒక్క ఏడాదిలో 400 కోట్ల పౌండ్లకు పైగా నగదు కరిగిపోయింది. 9,000 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించారు. స్పెయిన్‌లోని ఐటీపీ ఏరో అనే తమ సంస్థను అమ్ముకున్నారు. ఇలాంటి కాలంలో డెర్బీలో దీపం ఆరకుండా ఉంచినవి రక్షణ ఒప్పందాలు. యుద్ధ విమానాలు, జలాంతర్గాములు కోవిడ్ చూసి ఆగలేదు. జీఈ దగ్గరా, ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ దగ్గరా 737, ఏ320 లాంటి చిన్న విమానాల ఇంజిన్లున్నాయి, దేశీయ ప్రయాణాలు ముందు కోలుకున్నాయి కాబట్టి వాళ్లూ త్వరగా తేరుకున్నారు. రోల్స్ రాయిస్ ఎయిర్‌లైన్లకు ఇచ్చేవి దాదాపు అన్నీ ఖండాలు దాటే పెద్ద విమానాల ఇంజిన్లే.

అలా ఎందుకయిందంటే 2011 లో వాళ్లు చేసిన పని వల్ల. ఏ320 కి వాడే వీ2500 ఇంజిన్ చేసే ఐఏఈ అనే ఉమ్మడి సంస్థలో తమ వాటాను 150 కోట్ల డాలర్లకు ప్రాట్ అండ్ విట్నీ వాళ్లకు అమ్మేశారు. ఇండిగో మొదట్లో తెచ్చుకున్న ఏ320 లు ఎగిరింది ఈ వీ2500 ల మీదే. ఆ తర్వాత ప్రపంచమంతా, ముఖ్యంగా మన దేశంలో, చిన్న విమానాల ఆర్డర్లు వేలల్లో పడ్డాయి. ఆ విందులో రోల్స్ రాయిస్‌కి ఆకు వేయలేదు. గత 30 ఏళ్లలో ఆ కంపెనీ చేసిన అతి పెద్ద తప్పు ఇదేనని నా అభిప్రాయం.

రక్షణ రంగంలో డబ్బు నడిచే తీరు వేరు. అభివృద్ధి ఖర్చు చాలావరకు ప్రభుత్వమే పెడుతుంది. ఒకసారి ఇంజిన్ విమానంలోకి వెళ్లిందా, 40 ఏళ్లు అక్కడే ఉంటుంది. మన వైమానిక దళం జాగ్వార్లు 1979 లో వచ్చాయి, వాటిలో ఉన్నది అడోర్ ఇంజిన్, బెంగళూరులో హెచ్ఏఎల్ లైసెన్సు మీద తయారు చేసింది. హాక్ ట్రైనర్లలోనూ అడోరే. సీ-130జె రవాణా విమానాల్లో ఏఈ2100. అమెరికా బీ-52 బాంబర్లకు కొత్త ఇంజిన్లు వేయాలని 2021 లో నిర్ణయించినప్పుడు ఎఫ్130 ఎంపికైంది. అది గల్ఫ్‌స్ట్రీమ్ బిజినెస్ జెట్ల ఇంజిన్ కుటుంబంలోంచి వచ్చిందే. 76 విమానాలకు ఎనిమిదేసి చొప్పున 608 ఇంజిన్లు, పైన స్పేర్లు. కోటీశ్వరుల జెట్ కోసం చేసిన ఇంజిన్ బాంబర్‌కి పనికొచ్చింది.

జలాంతర్గాముల రియాక్టర్లదీ ఇదే లెక్క. బ్రిటన్ నేవీ మొదటి అణు జలాంతర్గామిలో అమెరికా రియాక్టర్ పెట్టారు, ఆ తర్వాతవన్నీ రోల్స్ రాయిస్‌వే. 2025 జనవరిలో ఈ పనికి బ్రిటన్ ప్రభుత్వం 8 ఏళ్లకు 900 కోట్ల పౌండ్ల ఒప్పందం ఇచ్చింది.

ఈ కంపెనీ మీద మచ్చ కూడా ఉంది, సెమినార్‌లో దాచకండి. 2017 జనవరిలో లంచాల కేసులను పరిష్కరించుకోవడానికి రోల్స్ రాయిస్ బ్రిటన్, అమెరికా, బ్రెజిల్ అధికారులకు మొత్తం 67.1 కోట్ల పౌండ్లు కట్టడానికి ఒప్పుకుంది. బ్రిటన్ దర్యాప్తులో ఏడు దేశాల పేర్లున్నాయి, వాటిలో మన దేశం ఒకటి. ప్రభుత్వాలే కొనుగోలుదారులైన చోట మధ్యవర్తులు పుట్టుకొస్తారు.

ఓడల వ్యాపారం ఎందుకు అమ్మారు అన్నారు కదా. సగమే అమ్మారు. 1999 లో వికర్స్ కంపెనీని కొనడంతో నార్వే, స్వీడన్‌ల ప్రొపెల్లర్లు, వాటర్‌జెట్లు, ఓడల డిజైన్ అన్నీ చేతికొచ్చాయి. సముద్రంలో చమురు తీసే రిగ్గులకు సామాను మోసే ఓడలే వాళ్ల పెద్ద గిరాకీ. చమురు పీపా 100 డాలర్ల పైన ఉన్నంతకాలం బాగా నడిచింది. 2014 తర్వాత ధర కుప్పకూలి 2016 మొదట్లో 30 డాలర్ల కిందికి వచ్చేసరికి ఆ ఓడలు నార్వే ఫియర్డుల్లో, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో, లంగరేసి ఖాళీగా నిలబడ్డాయి. 2019 లో ఆ వ్యాపారాన్ని నార్వే కంపెనీ కాంగ్స్‌బర్గ్‌కి ఇచ్చేశారు. యుద్ధనౌకల గ్యాస్ టర్బైన్లు మాత్రం ఉంచుకున్నారు. గమనించండి, ఓడల వ్యాపారంలో విమాన ఇంజిన్‌తో రక్తసంబంధం ఉన్నది ఉండిపోయింది, లేనిది వెళ్లిపోయింది.

నార్వేలోని బెర్గెన్ ఇంజిన్స్ కథ ఇంకా ఆసక్తికరం. ఆ డీజిల్, గ్యాస్ ఇంజిన్ల ఫ్యాక్టరీని ఒక రష్యన్ గ్రూపుకి అమ్మబోతే 2021 లో నార్వే ప్రభుత్వం దేశ భద్రత పేరు చెప్పి ఆపేసింది. చివరికి బ్రిటన్‌కి చెందిన లాంగ్లీ కొనుక్కుంది. ఇంజిన్ ఫ్యాక్టరీని మిల్లు అమ్మినట్టు అమ్మడం కుదరదు.

ఓడల గురించి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. బ్రిటన్ టైప్ 45 డిస్ట్రాయర్లకు డబ్ల్యూఆర్-21 అనే టర్బైన్ పెట్టారు. ఇంధనం ఆదా చేయడానికి దానికి ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని మధ్యలో చల్లార్చేది), రికూపరేటర్ (బయటికి పోయే వేడిని తిరిగి వాడుకునేది) జోడించారు, ఆ భాగం ఒక అమెరికన్ కంపెనీ చేసింది. గల్ఫ్ లాంటి వెచ్చటి నీళ్లలోకి వెళ్తే టర్బైన్ శక్తి తగ్గేది, ఆ భారం చిన్న డీజిల్ జనరేటర్ల మీద పడేది, అవి ట్రిప్ అయ్యేవి, ఓడ మొత్తం చీకటి. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి ఏ గ్యాస్ టర్బైన్ అయినా ఎండలో కొంత శక్తి కోల్పోతుంది. బంగాళాఖాతంలో మే నెల మధ్యాహ్నం పని చేసిన ఎవరికైనా ఇది ఒంటికి తెలిసిన సంగతి. నడిసముద్రంలో కరెంటు పోతే ఇంజిన్ రూమ్‌లో వచ్చే నిశ్శబ్దం ఎంత టెన్షన్ పెడుతుందో మాటల్లో చెప్పలేను. చివరికి ఆ ఓడల్లో డీజిల్ జనరేటర్లు తీసేసి కొత్తవి మూడేసి పెడుతున్నారు, అవి రోల్స్ రాయిస్ సొంత ఎంటీయూ బ్రాండువే.

కరెంటు రంగంలో నేల మీది గ్యాస్ టర్బైన్లు, కంప్రెసర్ల వ్యాపారాన్ని 2014 లో సీమెన్స్‌కి 78.5 కోట్ల పౌండ్లకు అమ్మారు. అదే ఏడాది ఎంటీయూ ఉన్న జర్మన్ కంపెనీలో డైమ్లర్ వాటా కూడా కొని పూర్తిగా తమది చేసుకున్నారు. ఫ్రెడ్రిక్స్‌హాఫెన్‌లో పెద్ద డీజిల్ ఇంజిన్లు చేసే సంస్థ అది. మన అర్జున్ ట్యాంకులో ఉన్న 1,400 హార్స్‌పవర్ ఇంజిన్ ఎంటీయూదే. అప్పట్లో విశ్లేషకులు చాలామంది దీన్నీ అమ్మేయమన్నారు. ఇప్పుడు డేటా సెంటర్లు ఎక్కడ కడితే అక్కడ బ్యాకప్ జనరేటర్లు కావాలి. కరెంటు పోయిన పది పదిహేను సెకన్లలో మెగావాట్లు మోయగల డీజిల్ సెట్లు చేసేవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. వద్దన్న వ్యాపారమే ఇప్పుడు ముద్దయింది. 2024 లో కంపెనీ ఆదాయంలో సగం పౌర విమానాల నుంచి వస్తే, రక్షణ, పవర్ సిస్టమ్స్ (ఎంటీయూ ఉన్న విభాగం) చెరో పావు వంతు తెచ్చాయి. మొత్తం నిర్వహణ లాభం సుమారు 250 కోట్ల పౌండ్లు. నాలుగేళ్ల ముందు మునిగిపోతుందనుకున్న కంపెనీ అది. 2023 లో వచ్చిన సీఈఓ తుఫాన్ ఎర్గిన్‌బిల్గిచ్ వచ్చీ రాగానే దీన్ని మండుతున్న వేదిక అన్నాడు, అంటే మారకపోతే బతకదని, ఎయిర్‌లైన్లతో ధరలు తిరగరాయించాడు, నష్టాల ఒప్పందాలు సరిచేశాడు.

చిన్న అణు రియాక్టర్ల గురించి కూడా రాయండి. జలాంతర్గామి రియాక్టర్‌ని తెచ్చి ఊళ్లో పెట్టడం కాదు అది, డిజైన్ వేరు. కానీ ఆ మనుషులు, ఆ తనిఖీల క్రమశిక్షణ అక్కడి నుంచి వచ్చినవే. ఒక్కొక్కటి 470 మెగావాట్లు, భాగాలు ఫ్యాక్టరీలో చేసి సైటులో బిగించాలని ఆలోచన. 2025 లో బ్రిటన్ ఈ డిజైన్‌ని ఎంచుకుని, వేల్స్‌లోని విల్ఫాలో మొదటివి కడతామంది. చెక్ కరెంటు కంపెనీ చెజ్ ఈ రియాక్టర్ల సంస్థలో వాటా తీసుకుంది. ఒక్కటైనా నడిచి కరెంటు ఇచ్చేదాకా నేను దీన్ని లాభాల్లో వేయను.

మన వైపు ఈ పనులు ఎక్కడున్నాయో కొంచెం చెబుతాను, సెమినార్ తర్వాత ఉద్యోగం కూడా చూసుకోవాలి కదా. ఇంజిన్లకు కావాల్సిన సూపర్ అల్లాయ్‌లు, టైటానియం చేసేది హైదరాబాద్ మిధాని. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో గ్యాస్ టర్బైన్లు చేస్తారు. టర్బైన్ బ్లేడ్లు చేసే హైదరాబాద్ కంపెనీ ఆజాద్ ఇంజనీరింగ్ 2024 లో రోల్స్ రాయిస్‌తో రక్షణ ఇంజిన్ల భాగాలకు ఒప్పందం చేసుకుంది. శంషాబాద్‌లో సాఫ్రాన్ వాళ్ల లీప్ ఇంజిన్ల ఓవర్‌హాల్ కేంద్రం 2025 నవంబర్‌లో ప్రారంభమైంది. యుద్ధనౌకల టర్బైన్లు ఓవర్‌హాల్ అయ్యేది విశాఖ ఐఎన్ఎస్ ఏక్షిలలో. బీటెక్‌లో క్రీప్ (వేడిలో బరువు మోస్తూ లోహం మెల్లగా సాగడం), ఫెటీగ్ (పదేపదే ఒత్తిడి పడి పగలడం) అనే రెండు పాఠాలు పరీక్ష కోసం కాకుండా చదవండి. ఇంటర్వ్యూలో అడిగేవి, షాపులో రోజూ ఎదురయ్యేవి అవే.

డిసెంబర్‌లో నేవీ డే సమయంలో విశాఖలో ఓడలు చూడనిస్తారు, కాకినాడ నుంచి రైల్లో మూడు గంటల దూరం. ఇంజిన్ రూమ్‌లోకి రానివ్వరు. కానీ డెక్ మీద నిలబడి టర్బైన్‌కి గాలి వెళ్లే కిటికీలు ఎక్కడున్నాయో వెతకండి. ఎంత పెద్దవో, నీటికి ఎంత ఎత్తులో పెట్టారో చూడండి. వాటి వెనక వరసలుగా ఫిల్టర్లుంటాయి, అలల తుంపరలోంచి ఉప్పుని లోపలికి పోనివ్వకుండా పట్టేవి. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్రాణ్ని కంప్రెసర్‌ని ఎన్ని రోజులకోసారి కడుగుతారని అడగండి. ఆ ప్రశ్న అడిగితే మీతో వాళ్లు అరగంటైనా మాట్లాడతారు.